ఉష్ణవిద్యుత్ స్ఫటికాల్లో జాలక ఉష్ణవాహకత తగ్గింపు

ఉష్ణవిద్యుత్ పరికరాల్లో వాడే స్ఫటికాల గుండా వేడి ప్రవహించడాన్ని, విద్యుత్ ప్రసారానికి వీలైనంత తక్కువ నష్టంతో, తగ్గించే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. ఘనస్థితి భౌతికశాస్త్రం, లోహశాస్త్రం, ఘనస్థితి రసాయనశాస్త్రం కలిసే చోట ఉన్న అంశమిది. 1950ల నుంచి ఉష్ణవిద్యుత్ పదార్థాల్లో సాధించిన మెరుగుదలలో పెద్ద వాటా ఈ దారిలోనే వచ్చింది.

నిర్వచనం, పరిధి

ఉష్ణవిద్యుత్ పదార్థం రెండు కొనల మధ్య ఉష్ణోగ్రతా భేదం ఉంటే వోల్టేజిని పుట్టిస్తుంది. దాని గుండా విద్యుత్తు పంపితే ఒక కొన చల్లబడి, రెండో కొన వేడెక్కుతుంది (చూ. సీబెక్ ఫలితం, పెల్టియర్ ఫలితం). పదార్థం ఎంత మేలైనదో చెప్పే సూచికను జెడ్‌టీ అంటారు. సీబెక్ గుణకపు వర్గాన్ని విద్యుత్ వాహకతతోను, పరమ ఉష్ణోగ్రతతోను గుణించి, మొత్తం ఉష్ణవాహకతతో భాగిస్తే ఇది వస్తుంది. దీనికి ప్రమాణం లేదు. వేడి కొన 600 కెల్విన్, చల్లని కొన 300 కెల్విన్ వద్ద ఉన్న జనరేటరులో సగటు జెడ్‌టీ 1 అయితే ఆదర్శ దక్షత 11 శాతానికి కొంచెం తక్కువ. సగటు 2 అయితే 16 శాతం దాటుతుంది. అదే ఉష్ణోగ్రతల మధ్య కార్నో పరిమితి 50 శాతం.

సూచికలో హారంగా ఉన్న ఉష్ణవాహకతకు రెండు భాగాలున్నాయి. ఎలక్ట్రాన్లు లేదా రంధ్రాలు మోసుకెళ్లే భాగం మొదటిది. వీడ్మన్-ఫ్రాంజ్ సూత్రం ప్రకారం అది విద్యుత్ వాహకతతో పాటే పెరుగుతుంది కనుక దాన్ని విడిగా తగ్గించడం సాధ్యం కాదు. జాలకంలోని పరమాణువుల కంపనాలు మోసుకెళ్లేది రెండో భాగం. దీనినే జాలక ఉష్ణవాహకత అంటారు. సీబెక్ గుణకం, విద్యుత్ వాహకత, ఎలక్ట్రాన్ల ఉష్ణవాహకత మూడూ వాహకాల సాంద్రతతో ముడిపడి ఉండగా, చాలావరకు స్వతంత్రంగా మార్చడానికి వీలున్నది ఈ రెండో భాగమే. పరిశోధన దీనిపై కేంద్రీకృతం కావడానికి కారణం అదే.

ఈ వ్యాసంలో ఉష్ణవాహకత విలువలన్నీ ఒక మీటరుకు, ఒక కెల్విన్‌కు ఇన్ని వాట్లు అనే ప్రమాణంలో ఉన్నాయి. గది ఉష్ణోగ్రత వద్ద రాగి విలువ సుమారు 400, సిలికాన్ విలువ సుమారు 150, లెడ్ టెల్యూరైడ్ విలువ సుమారు 2.

భౌతిక సూత్రాలు

స్ఫటికంలో పరమాణువులు బంధాలతో పరస్పరం ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకదాని కంపనం పక్కవాటికి తరంగంగా వ్యాపిస్తుంది. ఈ తరంగాల శక్తి క్వాంటాలే ఫోనాన్లు (చూ. ఫోనాన్). వాటిని వాయువులోని అణువుల్లాగా లెక్కిస్తే జాలక ఉష్ణవాహకత మూడు రాశుల లబ్ధంలో మూడో వంతుగా తేలుతుంది: ప్రమాణ ఘనపరిమాణపు ఉష్ణధారణ, ఫోనాన్ల సమూహ వేగం, రెండు తాకిడుల మధ్య అవి ప్రయాణించే సగటు స్వేచ్ఛా పథం. వేడి తక్కువగా సాగాలంటే ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని తగ్గించాలి. ఉష్ణధారణ అధిక ఉష్ణోగ్రతల్లో దాదాపు స్థిరం. వేగం బంధాల బిగువు మీద, పరమాణు ద్రవ్యరాశి మీద ఆధారపడుతుంది; బరువైన పరమాణువులు, సడలిన బంధాలు ఉంటే వేగం తగ్గుతుంది. బిస్మత్, సీసం, టెలూరియం, యాంటిమొనీ సమ్మేళనాలు ఈ రంగంలో పదేపదే కనిపించడానికి ఇదొక కారణం.

స్వేచ్ఛా పథాన్ని కుదించడమంటే ఫోనాన్లను చెదరగొట్టడం. శుద్ధ స్ఫటికంలో కూడా ఫోనాన్లు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. బంధాలు పరిపూర్ణ హరాత్మక స్ప్రింగులైతే ఈ తాకిడులు ఉండవు. నిజమైన బంధాల్లో అహరాత్మకత ఉండబట్టే అవి జరుగుతాయి. వాటిలో ఉష్ణ ప్రవాహాన్ని నేరుగా అడ్డుకునేవి ఉంక్లాప్ తాకిడులు. ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఇవి ఎక్కువవుతాయి కాబట్టి జాలక ఉష్ణవాహకత ఉష్ణోగ్రతకు విలోమంగా తగ్గుతుంది.

లోపాల వల్ల జరిగే పరిక్షేపణం ఫోనాన్ పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. పరమాణు పరిమాణంలోని బిందు లోపాలు పౌనఃపున్యపు నాలుగో ఘాతానికి అనులోమంగా చెదరగొడతాయి కనుక అధిక పౌనఃపున్యాల మీదే వాటి ప్రభావం. స్థానభ్రంశాల మధ్యభాగం మూడో ఘాతాన్ని, వాటి చుట్టూ ఉండే వికృతి క్షేత్రం మొదటి ఘాతాన్ని అనుసరిస్తాయి. రేణు సరిహద్దులకు పౌనఃపున్యంతో నిమిత్తం లేదు. దీర్ఘ తరంగాలను ఆపేవి ముఖ్యంగా అవే. ఒకే రకం లోపంతో ఫోనాన్లన్నిటినీ ఆపలేకపోవడానికి మూలం ఈ తేడాలో ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద సిలికాన్‌లో సగానికి దగ్గరగా వేడిని మోసేవి 1 మైక్రాన్ కంటే పొడవైన స్వేచ్ఛా పథం ఉన్న ఫోనాన్లేనని సైద్ధాంతిక గణనలు చూపాయి. అదే స్ఫటికంలో బాగా డోపింగ్ చేసినప్పుడు ఎలక్ట్రాన్ల స్వేచ్ఛా పథం కొన్ని నానోమీటర్లే. ఈ రెండు పొడవుల మధ్య ఉన్న అంతరమే నానో నిర్మాణాలకు అవకాశం ఇస్తుంది.

చరిత్ర

థామస్ సీబెక్ 1821లో, జాన్ పెల్టియర్ 1834లో ఉష్ణవిద్యుత్ ఫలితాలను గుర్తించారు. మంచి పదార్థానికి అధిక సీబెక్ గుణకం, అధిక విద్యుత్ వాహకత, అల్ప ఉష్ణవాహకత ఉండాలని జర్మన్ ఇంజనీరు ఎడ్మండ్ ఆల్టెన్‌కిర్ష్ 1909-1911లలో గణితపరంగా చూపాడు. అప్పటికి తెలిసిన లోహాల్లో మూడో షరతుకు తావు లేదు.

విద్యుత్ నిరోధక స్ఫటికాల ఉష్ణవాహకత ఉష్ణోగ్రతకు విలోమంగా మారుతుందని ఆర్నాల్డ్ ఆయ్కెన్ 1911లో ప్రయోగపూర్వకంగా గమనించాడు. దానికి క్వాంటం వివరణ 1929లో రుడాల్ఫ్ పీర్ల్స్ ఇచ్చాడు. అయితే ఉష్ణవిద్యుత్ రంగంలో మలుపు అర్ధవాహకాలతో వచ్చింది. లెనిన్‌గ్రాడ్‌లో అబ్రామ్ ఇయోఫే బృందం, ఇంగ్లండ్‌లో జూలియన్ గోల్డ్‌స్మిడ్ 1950లలో ఈ దిశగా పనిచేశారు. గోల్డ్‌స్మిడ్ 1954లో బిస్మత్ టెల్యూరైడ్‌తో శీతలీకరణ సాధ్యమని చూపాడు. ఒకే స్ఫటిక నిర్మాణం గల రెండు సమ్మేళనాలను ఘన ద్రావణంగా కలిపితే ఎలక్ట్రాన్ల చలనశీలత కంటే జాలక ఉష్ణవాహకత ఎక్కువ నిష్పత్తిలో పడిపోతుందని 1956లో ఇయోఫే బృందం ప్రతిపాదించింది. నేటికీ మార్కెట్లో ఉన్న పదార్థాలన్నీ దాదాపు ఈ సూత్రం మీదే తయారవుతున్నాయి.

ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా జెడ్‌టీ 1 పరిసరాల్లోనే నిలిచిపోయింది. 1990లలో రెండు ఆలోచనలు ఈ స్తబ్ధతను కదిలించాయి. ఒకటి 1993లో హిక్స్, మిల్డ్రెడ్ డ్రెసెల్‌హాస్ ప్రతిపాదించిన అల్ప పరిమాణ నిర్మాణాలు. రెండోది గ్లెన్ స్లాక్ 1995లో స్పష్టంగా ప్రకటించిన ‘ఫోనాన్లకు గాజు, ఎలక్ట్రాన్లకు స్ఫటికం’ అనే ఆదర్శం. డ్రెసెల్‌హాస్ ప్రతిపాదన ముఖ్యంగా ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిల గురించినది. ఆచరణలో మాత్రం నానో నిర్మాణాల లాభం ఎక్కువగా ఫోనాన్ల వైపు నుంచే వచ్చింది.

ఘన ద్రావణాలు, బిందు లోపాలు

జాలకంలో ఒక పరమాణువు స్థానంలో వేరే పరమాణువు చేరితే ద్రవ్యరాశి, పరిమాణం, బంధ బలం మారతాయి. ద్రవ్యరాశి భేదపు వర్గానికి అనులోమంగా పరిక్షేపణం పెరుగుతుందని క్లెమెన్స్ 1955లో సిద్ధాంతీకరించాడు. కాలవే 1959లో ఇచ్చిన నమూనా వివిధ పరిక్షేపణాలను కలిపి లెక్కించే మార్గం చూపింది. ఐసోటోపుల తేడా సైతం చాలు: సహజ వజ్రంలో 1.1 శాతం ఉండే కార్బన్-13ను దాదాపు తొలగిస్తే గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణవాహకత సుమారు 2200 నుంచి 3300 వరకు పెరిగిందని 1990లో తేలింది.

శుద్ధ సిలికాన్ విలువ సుమారు 150, శుద్ధ జెర్మేనియం విలువ సుమారు 60 కాగా, రెండింటి మిశ్రమంలో అది 10 లోపుకు దిగుతుంది. రెండూ ఒకే నిర్మాణంలో ఒకే విధంగా బంధితమైనందున ఎలక్ట్రాన్లకు నష్టం పరిమితం. బిస్మత్ టెల్యూరైడ్‌ను యాంటిమొనీ టెల్యూరైడ్‌తో కలిపి పీ-రకం, బిస్మత్ సెలెనైడ్‌తో కలిపి ఎన్-రకం పదార్థాలను తయారుచేయడం ఇదే పద్ధతి. జిర్కోనియం-నికెల్-తగరం వంటి హాఫ్-హ్యూస్లర్ సమ్మేళనాల్లో విద్యుత్ గుణాలు మేలైనవే అయినా ఉష్ణవాహకత ఎక్కువ. జిర్కోనియం స్థానంలో కొంత హాఫ్నియం చేర్చి దాన్ని తగ్గిస్తారు. అయిదారు మూలకాలను కలిపే అధిక-ఎంట్రోపీ పదార్థాలు ఈ పద్ధతికే కొనసాగింపు. 2021లో వెలువడిన లెడ్ సెలెనైడ్ ఆధారిత పదార్థం 900 కెల్విన్ వద్ద జెడ్‌టీ 1.8 సాధించింది.

బోను నిర్మాణాలు

స్కటరుడైట్ వర్గానికి చెందిన కోబాల్ట్ యాంటిమొనైడ్‌లో రంధ్రాల చలనశీలత చాలా ఎక్కువ. కానీ ఉష్ణవాహకత 10 దగ్గర ఉండడంతో అది అలాగే పనికిరాదు. అదృష్టవశాత్తు దాని 32 పరమాణువుల యూనిట్ సెల్‌లో రెండు పెద్ద ఖాళీలున్నాయి. వాటిలో లాంథనం, సీరియం, యిటర్బియం, బేరియం వంటి బరువైన పరమాణువును చేరిస్తే అది గిలక్కాయలో గింజలాగా వదులుగా కదులుతుంది. బ్రయన్ సేల్స్, డేవిడ్ మాండ్రస్, విలియమ్స్ 1996లో లాంథనం, సీరియం నింపిన స్కటరుడైట్లలో ఉష్ణవాహకత బాగా తగ్గడాన్ని, జెడ్‌టీ 1కి చేరడాన్ని చూపారు. వేర్వేరు పౌనఃపున్యాల్లో కంపించే మూడు మూలకాలను కలిపి నింపిన నమూనాకు 2011లో 850 కెల్విన్ వద్ద 1.7 నమోదైంది. గాలియం, జెర్మేనియం చట్రంలో స్ట్రాన్షియం లేదా బేరియం బంధించిన క్లాత్రేట్లు మరో ఉదాహరణ. స్ట్రాన్షియం క్లాత్రేట్‌లో గాజును పోలిన ఉష్ణవాహకత ఉందని జార్జ్ నోలస్ బృందం 1998లో ప్రకటించింది.

ఈ పరమాణువులు వేడిని ఎలా ఆపుతాయనే విషయంలో ఏకాభిప్రాయం లేదు. బోనులోని పరమాణువు స్వతంత్రంగా కదులుతూ ఫోనాన్లను యాదృచ్ఛికంగా చెదరగొడుతుందన్నది తొలి భావన. 2008లో న్యూట్రాన్ పరిక్షేపణ ప్రయోగాలు దీన్ని ప్రశ్నించాయి. లాంథనం, సీరియం నింపిన ఇనుము-యాంటిమొనీ స్కటరుడైట్లలో చేర్చిన పరమాణువు చట్రంతో సమన్వయంగానే కంపిస్తోందని మారెక్ కోజా బృందం చూపింది. అదే ఏడాది క్రిస్టెన్సెన్ బృందం, బేరియం క్లాత్రేట్‌లో చట్రపు తరంగాలు, బోనులోని కంపనం ఒకదానితో ఒకటి కలిసి సమూహ వేగం తగ్గుతోందని తెలిపింది. అంటే తగ్గేది స్వేచ్ఛా పథమా, వేగమా అన్నది పదార్థాన్ని బట్టి ఉంటుంది. బోను నమూనా ప్రాచుర్యంలో ఉన్నంత సరళమైనది కాదని మాత్రం ఈ ఫలితాలు నిర్ధారించాయి.

నానో నిర్మాణాలు

వెంకటసుబ్రమణియన్ బృందం 2001లో అమెరికాలోని నార్త్ కరోలినాలో బిస్మత్ టెల్యూరైడ్, యాంటిమొనీ టెల్యూరైడ్ పలుచని పొరల సూపర్‌లాటిస్‌కు గది ఉష్ణోగ్రత వద్ద 2.4 జెడ్‌టీ ప్రకటించింది. రంగానికి ఊపునిచ్చిన ఫలితమిది. దాన్ని స్వతంత్రంగా మళ్లీ రాబట్టడం కష్టమైంది. పొరల పెంపకం ఖరీదైనది, పలుచని పొర మీద ఉష్ణవాహకత కొలత సున్నితమైనది. 2004లో మెర్కురీ కనాట్జిడిస్ బృందం వెండి, సీసం, యాంటిమొనీ, టెలూరియం కలిసిన ఘన పదార్థంలో, కరిగించి చల్లార్చేటప్పుడు తమంతట తామే ఏర్పడే నానో కణాలతో, 800 కెల్విన్ వద్ద సుమారు 2.2 సాధించింది. పెద్ద ముద్దల్లోనే నానో నిర్మాణం సాధ్యమని దీనితో రుజువైంది.

పొడి చేసి మళ్లీ అదిమే పద్ధతి అన్నిటికన్నా సులభం. బిస్మత్-యాంటిమొనీ టెల్యూరైడ్‌ను బాల్ మిల్‌లో నానో పరిమాణానికి నూరి, వేడిమీద అదిమి 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 1.4 జెడ్‌టీ పొందినట్లు బోస్టన్ కాలేజి, ఎంఐటీ పరిశోధకులు 2008లో వెల్లడించారు. అదే ఏడాది బర్క్‌లీ, కాల్‌టెక్ బృందాలు ఒకే పత్రికా సంచికలో సిలికాన్ నానో తీగల ఫలితాలు ప్రచురించాయి. బర్క్‌లీ బృందం తయారుచేసిన గరుకు ఉపరితలపు తీగల్లో ఉష్ణవాహకత సుమారు నూరో వంతుకు తగ్గి, గది ఉష్ణోగ్రత వద్ద జెడ్‌టీ 0.6కు చేరింది.

నానో కణాలు వేడిని ఆపితే చాలదు. ఎలక్ట్రాన్లకు దారి ఇవ్వాలి. లెడ్ టెల్యూరైడ్‌లో స్ట్రాన్షియం టెల్యూరైడ్ కణాలు మాతృక జాలకంతో సరిపోలుతూ ఏర్పడతాయి. రెండింటి సంయోజక పట్టీల శక్తులు కూడా దగ్గరగా ఉండడంతో రంధ్రాలు పెద్దగా అడ్డు లేకుండా సాగుతాయి. 2012లో కనిష్క బిశ్వాస్ మొదటి రచయితగా వెలువడిన నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధన దీన్ని మూడు స్థాయిలకు విస్తరించింది: పరమాణు స్థాయిలో డోపింగ్ లోపాలు, నానో స్థాయిలో కణాలు, మైక్రాన్ స్థాయిలో రేణు సరిహద్దులు. ఒక్కో స్థాయి ఒక్కో పొడవు ఫోనాన్లను ఆపుతుంది. జెడ్‌టీ 915 కెల్విన్ వద్ద 2.2. బిందు లోపాలకు, రేణు సరిహద్దులకు మధ్యలో మిగిలే ఫోనాన్లను స్థానభ్రంశాలతో ఆపవచ్చని 2015లో కొరియా పరిశోధకులు చూపారు: అదనపు టెలూరియాన్ని ద్రవ స్థితిలో పిండివేస్తూ అదిమినప్పుడు రేణు సరిహద్దుల్లో దట్టంగా స్థానభ్రంశాలు ఏర్పడి, 320 కెల్విన్ వద్ద 1.86 వచ్చింది.

స్వాభావిక అల్ప వాహకత

కొన్ని స్ఫటికాల్లో లోపాల ప్రమేయం లేకుండానే ఉష్ణవాహకత తక్కువగా ఉంటుంది. వెండి-యాంటిమొనీ టెల్యూరైడ్ విలువ గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 0.7. యాంటిమొనీ చుట్టూ బంధంలో పాల్గొనని ఒంటరి ఎలక్ట్రాన్ జంట బంధాలను బాగా అహరాత్మకం చేయడమే దీనికి కారణమని మొరెల్లి, యోవోవిచ్, హెరెమాన్స్ 2008లో వివరించారు. ఇదే పదార్థంలో కొంత కాడ్మియం చేర్చి, పరమాణువుల క్రమాన్ని మెరుగుపరిచి 573 కెల్విన్ వద్ద 2.6 సాధించినట్లు బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్‌లో బిశ్వాస్ బృందం 2021లో ప్రకటించింది.

టిన్ సెలెనైడ్ ఈ వర్గంలో ఎక్కువ చర్చకు లోనైనది. 2014లో దాని ఒంటి స్ఫటికానికి ఒక దిశలో 923 కెల్విన్ వద్ద జెడ్‌టీ 2.6 నమోదైంది. ఆ కొలతలో ఉష్ణవాహకత అతి తక్కువగా ఉండడానికి నమూనా సాంద్రత తక్కువ కావడం కారణం కావచ్చని ఇతర పరిశోధకులు అభ్యంతరం చెప్పారు. మరో వింత ఏమంటే చిన్న రేణువులతో చేసిన ముద్దల్లో ఉష్ణవాహకత ఒంటి స్ఫటికం కంటే ఎక్కువగా ఉండేది. సిద్ధాంతం ప్రకారం తగ్గాలి. రేణువుల ఉపరితలం మీద పేరుకునే తగరం ఆక్సైడు వేడిని బాగా ప్రసరిస్తుందని తర్వాత తెలిసింది. దాన్ని తొలగించి 2021లో కొరియా నేతృత్వంలోని బృందం 783 కెల్విన్ వద్ద సుమారు 3.1 పొందింది.

క్లిష్టమైన యూనిట్ సెల్ మరో దారి. ఒక ప్రాథమిక సెల్‌లో ఎన్ని పరమాణువులుంటే అన్నింటికి మూడు రెట్లు కంపన శాఖలుంటాయి. వాటిలో వేగంగా వేడిని మోసే ధ్వని శాఖలు మూడే, మిగిలినవి నిదానమైనవి. యిటర్బియం-మాంగనీస్-యాంటిమొనీ జింటల్ సమ్మేళనపు ప్రాథమిక సెల్‌లో 104 పరమాణువులున్నాయి. 2006లో సుసాన్ కౌజ్లారిచ్ బృందం ఈ పదార్థానికి సుమారు 1200 కెల్విన్ వద్ద జెడ్‌టీ 1 చూపింది.

అయాన్లు కదిలే స్ఫటికాలు వేరే కోవ. కాపర్ సెలెనైడ్‌లో సెలీనియం చట్రం స్థిరంగా ఉంటుంది. అధిక ఉష్ణోగ్రత వద్ద రాగి అయాన్లు ద్రవంలాగా దానిలో తిరుగుతాయి. 2012లో 1000 కెల్విన్ వద్ద 1.5 నమోదైంది.

కనిష్ఠ పరిమితి

స్వేచ్ఛా పథం పరమాణువుల మధ్య దూరం కంటే, లేదా ఫోనాన్ తరంగదైర్ఘ్యంలో కొంత భాగం కంటే తగ్గడం అర్థరహితం. ఈ మూలాన జాలక ఉష్ణవాహకతకు ఒక కనిష్ఠ విలువ ఉంటుందని స్లాక్ 1979లో చెప్పాడు. తరంగదైర్ఘ్యంలో సగాన్ని కనిష్ఠ పథంగా తీసుకుని కాహిల్, వాట్సన్, పోల్ 1992లో ఇచ్చిన సూత్రం విస్తారంగా వాడుకలో ఉంది. చాలా ఉష్ణవిద్యుత్ పదార్థాలకు ఇది 0.5 ప్రాంతంలో ఉంటుంది. పొరలకు అడ్డంగా కొలిచిన కొన్ని నిర్మాణాల్లో దీనికంటే తక్కువ విలువలు నమోదయ్యాయి కనుక దీన్ని ఖచ్చితమైన హద్దుగా పరిగణించరు.

కొలత, తయారీ

ముద్ద నమూనాలకు లేజర్ ఫ్లాష్ పద్ధతి ప్రామాణికం. దీనికి మూలమైన ఫ్లాష్ పద్ధతిని పార్కర్ బృందం 1961లో ప్రవేశపెట్టింది. బిళ్ల ఒక ముఖం మీద లేజర్ కాంతిని ఒక్క క్షణం పడనిచ్చి, రెండో ముఖం ఎంత త్వరగా వేడెక్కుతుందో చూసి విసరణ గుణకం కనుక్కుంటారు. దానిని సాంద్రత, విశిష్టోష్ణంతో గుణిస్తే ఉష్ణవాహకత వస్తుంది. విశిష్టోష్ణంలో పొరపాటు నేరుగా జెడ్‌టీలోకి చేరుతుంది. పలుచని పొరలకు మూడో హరాత్మక పద్ధతి, లేజర్ స్పందనలతో ఉపరితల పరావర్తనాన్ని కొలిచే పద్ధతి వాడతారు. జాలక భాగాన్ని నేరుగా కొలవడం కుదరదు. మొత్తం నుంచి వీడ్మన్-ఫ్రాంజ్ అంచనాను తీసివేస్తారు. ఇందులో వాడే లారెంజ్ సంఖ్య లోహాలకు సుమారు 2.44, తక్కువ డోపింగ్ అర్ధవాహకాలకు 1.5 (పది కోట్లలో వంతుల వాట్-ఓమ్ ప్రతి కెల్విన్ వర్గానికి). తప్పు విలువ ఎంచుకుంటే జాలక వాహకత అసాధారణంగా తక్కువగా కనిపించవచ్చు. పొరల స్ఫటికాల్లో మూడు గుణాలనూ ఒకే దిశలో కొలవకపోవడం మరో తరచు లోపం. ప్రచురితమయ్యే రికార్డులను చదివేటప్పుడు ఈ రెండూ గమనించదగినవి.

తయారీలో కరిగించడం, నూరడం, విద్యుత్ ప్రవాహంతో వేగంగా అదిమే స్పార్క్ ప్లాస్మా సింటరింగ్ ముఖ్య దశలు. అదమడం ఎక్కువసేపు సాగితే రేణువులు పెరిగి నానో నిర్మాణం కరిగిపోతుంది.

పరిమితులు, వినియోగం

ఏ లోపమైనా ఎలక్ట్రాన్లను కొంతైనా చెదరగొడుతుంది. పదార్థం ఎంతవరకు మెరుగుపడగలదో చెప్పేది ఉష్ణవాహకత ఒక్కటే కాదు. చలనశీలతకు, జాలక ఉష్ణవాహకతకు మధ్య నిష్పత్తి. జాలక వాహకత సగానికి తగ్గినా చలనశీలత కూడా సగమైతే లాభం లేదు. నానో నిర్మాణం దీర్ఘకాలం వేడిలో నిలవడం మరో సమస్య. కాపర్ సెలెనైడ్‌లో విద్యుత్ ప్రవాహం కింద రాగి అయాన్లు ఒక కొనకు చేరి పదార్థం విచ్ఛిన్నమవుతుంది. వేడిని ఆపే గుణమే ఇక్కడ పరికరానికి ముప్పు.

అంతరిక్ష జనరేటర్లలో వినియోగం బాగా స్థిరపడింది (చూ. రేడియోఐసోటోప్ ఉష్ణవిద్యుత్ జనరేటర్). 1977లో బయలుదేరిన వాయేజర్-1, వాయేజర్-2 నౌకల్లో సిలికాన్-జెర్మేనియం మిశ్రమం, క్యూరియాసిటీ రోవర్‌లో లెడ్ టెల్యూరైడ్‌తో పాటు టెలూరియం, యాంటిమొనీ, జెర్మేనియం, వెండి కలిసిన మిశ్రమం వాడారు. తర్వాతి తరం జనరేటర్ల కోసం నింపిన స్కటరుడైట్లను నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ అభివృద్ధి చేసింది. భూమ్మీద లేజర్ డయోడ్ల ఉష్ణోగ్రత నియంత్రణకు, చిన్న శీతల పెట్టెలకు నేటికీ బిస్మత్ టెల్యూరైడ్ మిశ్రమాలే వాడుతున్నారు. కర్మాగారాల వ్యర్థ ఉష్ణం నుంచి విద్యుత్ తీసే ప్రయత్నాల్లో పదార్థపు జెడ్‌టీ కంటే అతుకుల నిరోధం, టెలూరియం ధర, పీ-రకం ఎన్-రకం కాళ్ల వ్యాకోచాల పొందిక తరచు పెద్ద అడ్డంకులవుతున్నాయి.